ఇరవై ఎనిమిది దగ్గర టక్

ఆ ఎండాకాలం మా ఇంట్లో అందరికీ అన్నయ్య చేతుల మీదే ధ్యాస. "జాగ్రత్తరా భానూ, విమానం నడపాల్సిన చేతులు, చాకు ముట్టుకోకు, నేను కోసిస్తా మామిడికాయ" అనేది అమ్మ. అన్నయ్య కావాలనే చాకు గాల్లోకి ఎగరేసి పట్టుకునేవాడు. అమ్మ కెవ్వుమనేది. నవ్వుకునేవాళ్లం. 2006 మే నెల అది. మా అన్నయ్య భానుతేజకి దుండిగల్‌లో వాయుసేన పైలట్ శిక్షణకి పిలుపొచ్చింది, జూలై మొదటి వారంలో చేరాలి. మేడ్చల్‌లో మా కాలనీ మీదుగా పొద్దున ఏడింటికల్లా శిక్షణ విమానాలు తిరిగేవి. నాన్న రైల్వే ఆఫీసుకి టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరుతూ కూడా గేటు దగ్గర ఆగి, మెడ నొప్పెట్టేదాకా పైకి చూసి, "అదిగో, వచ్చే ఏడు మనవాడు" అని ఎదురింటివాళ్లకి వినపడేలా అనేవారు.

చేరడానికి ఇంకా నెలన్నర ఉంది. ఆ నెలన్నరా అన్నయ్యకి ఒకటే పిచ్చి, డర్ట్ బైక్. బండి తనది కాదు, కాలేజీలో తనతో చదివిన వంశీది. వంశీ వాళ్ల నాన్న జనార్ధన్ గారికి శామీర్‌పేట వైపు భూములున్నాయి. సగం ప్లాట్లు వేసి అమ్మేశారు, మిగిలిన బీడులో కొడుకు ముచ్చట కోసం ట్రాక్టర్‌తో మట్టి గుట్టలు పోయించి, మలుపులు తీయించి ఒక ట్రాక్ తయారుచేయించారు. బండి ఎక్కడో పుణె రేసుల్లో వాడేసిన జపాన్ బండి. వంశీకి పెద్ద గుట్ట మీంచి దూకడమంటే భయం. అన్నయ్యకి అదంటేనే ఇష్టం. బండి కొన్నది ఒకరు, ఎగిరింది ఒకరు.

నాకు మాత్రం ఆ బండి నట్లూ బోల్టులే ఇష్టం. కండ్లకోయలో మెకానికల్ రెండో ఏడు చదువుతున్నాను అప్పుడు, అరవై మందిలో ముగ్గురమ్మాయిలం. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుంటే నాకు టైమే తెలిసేది కాదు, ఎక్కడో ఆస్ట్రేలియాలో ఎవడో తన బండి ఇంజను విప్పి ఫొటోలు పెడితే ప్రతి ఫొటో కింద రాసిందంతా చదివేదాన్ని. ఆ పిచ్చి లేకపోతే ఈ కథే లేదు.

మే చివర్లో ఒకరోజు అన్నయ్య ట్రాక్ నుంచి వచ్చి, "దివ్యా, దూకి దిగినప్పుడు హ్యాండిల్ కొంచెం ముందుకి జారిందే" అన్నాడు, అదేదో తమాషా అన్నట్టు. నాకది తమాషా కాదు. హ్యాండిల్‌ని పట్టి ఉంచేవి పైన నాలుగే నాలుగు బోల్టులు. వదులుగా ఉంటే జారుతుంది, మరీ బిగిస్తే బోల్టు సాగిపోతుంది. రెండింటికీ మధ్య ఒక సరైన లెక్క ఉంటుంది, దాన్నే టార్క్ అంటారు, ఏ బోల్టుని ఎంత బలంతో తిప్పి ఆపాలో చెప్పే అంకె. కంపెనీ పుస్తకంలో ఉంటుంది. మన బండికి పుస్తకం లేదు.

మూడు రోజులు వెతికాను. నాలుగో రోజు దొరికింది! రెండొందల పేజీల పుస్తకం, తెర మీద గీత గీతగా తెరుచుకుంటోంది. సెంటర్ అతను, "మేడమ్, కరెంటు పోయేట్టుంది, జల్దీ కానియ్యండి" అన్నాడు. బోల్టుల పట్టిక ఉన్న పేజీ ఒక్కటే ప్రింటు తీసుకున్నాను. నాకు కావలసింది అందులోనే ఉంది. హ్యాండిల్ పై బోల్టులు: ఇరవై ఎనిమిది న్యూటన్ మీటర్లు. ఆ కాగితం ఎండలో పట్టుకుని ఇంటికి నడుస్తుంటే నా కాళ్లు నేల మీద లేవు. అన్నయ్య చేతులకి నేను కాపలా కాస్తున్నాననుకున్నాను.

*

బండి పనులన్నీ సిద్దిరాములన్న చేసేవాడు. మేడ్చల్ బస్ డిపో వెనకాల జనార్ధన్ గారి షట్టర్లలో చివరిది అతని షాపు. యాభై దాటాయి, బోరు బండ్ల మీద, ట్రాక్టర్ల మీద పని నేర్చుకున్నవాడు. చదువు లేదు. ఇంజను మీద చెవి ఆనించి రోగం చెప్పేవాడు. అతని దగ్గర ఒక పాత పాలపొడి డబ్బా ఉండేది, నిండా ఇంజనాయిలు. ఏ బోల్టయినా సరే అందులో ముంచకుండా పెట్టడు. అందరూ నవ్వేవాళ్లు, సిద్దన్న బోల్టులకి తలంటుతాడని.

"నవ్వుండ్రి నవ్వుండ్రి," అనేవాడు. "బిగించుడు పెద్ద పని గాదు. మల్ల ఇప్పేటోడు నన్ను తిట్టొద్దు. గది పని."

కాగితం చేతికొచ్చిన రెండు రోజులకి నేను రాణీగంజ్‌లో కొన్న టార్క్ రెంచి పట్టుకుని వెళ్లాను. అన్నయ్య బండి ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుని కూర్చున్నాడు, కదలకుండా. సిద్దన్న రెంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిదేంది బిడ్డా, తుపాకి లెక్కున్నది?"

"ఎంత బలం కావాలో ముందే ఇందులో పెట్టుకుంటాం అన్నా. అంత బలం పడగానే టక్ మంటుంది. ఆపేయాలి."

"అంటే గది టక్కుమనంగనే మనం ఊకోవాలె."

"అవును."

"అరె, నా పెండ్లాం లెక్కనే ఉన్నది గదా!"

అన్నయ్య పడీ పడీ నవ్వాడు, చక్రం కదిలిపోయింది. "కదలకు!" అని అరిచాను. చెప్పొద్దూ, ఆపరేషన్ చేసే డాక్టర్‌లా ఉన్నాను నేను.

సిద్దన్న పాత బోల్టులు నాలుగూ విప్పి, తుడిచి, అలవాటు ప్రకారం డబ్బాలో ముంచి, చేత్తో ఎక్కించాడు. నేను చూస్తూనే ఉన్నాను. నూనె నాకు తప్పుగా అనిపించలేదు, శుభ్రంగా, శ్రద్ధగా అనిపించింది. "ఇగ నాకియ్యి, పానాతోని బిగిస్త" అన్నాడు.

"లేదన్నా, ఇవాళ నేను."

ఒక్కక్షణం నా మొహం చూసి, జరిగి కూర్చున్నాడు. చెయ్యి మాత్రం రెంచి మీద, నా చెయ్యి పక్కనే ఆనించి పెట్టాడు, జారకుండా. మొదటి బోల్టు. తిప్పాను. బిగుసుకుంటోంది, బిగుసుకుంటోంది.

"సాలు బిడ్డా," అన్నాడు. మెల్లగా.

"టక్ అనలేదన్నా ఇంకా."

ఇంకొంచెం తిప్పాను. రెంచి హాయిగా తిరిగింది, వెన్నలో తిరిగినట్టు. టక్. రెండోది, టక్. మూడోది, నాలుగోది. సిద్దన్న చెయ్యి తీసేసి గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను కాగితం మీద ఆ వరస పక్కన టిక్కు పెట్టి, అన్నయ్య ముందు గాల్లో ఊపాను.

"ఇంక జారదు. రాసిస్తా కావాలంటే."

"మా చెల్లి ఇంజనీరమ్మ," అన్నాడు అన్నయ్య.

*

జూన్ రెండో ఆదివారం. ముందు రోజు మొదటి వాన పడి మట్టి మెత్తగా ఉంది. పొద్దున్నే వెళ్లాం, వంశీ, అన్నయ్య, నేను. వాన పడ్డ మట్టి మీద బండి చప్పుడే వేరుగా ఉంటుంది, ఆ సంగతి ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పెద్ద గుట్ట. అన్నయ్య రెండుసార్లు దూకాడు. మూడోసారి ఇంకా వేగంగా వచ్చాడు. గాల్లో ఎంత బావున్నాడో. వెనక ఆకాశంలో నిజంగానే ఒక చిన్న విమానం ఉంది, నేనేం కల్పించడం లేదు.

ముందు చక్రం నేల తాకింది. హ్యాండిల్ ముందుకి ఒరిగింది. అన్నయ్య చేతులు దానితో పాటే వెళ్లాయి.

అంతే. అరుపు కూడా లేదు. వంశీ పరిగెత్తాడు. నేను బండి దగ్గరికి పరిగెత్తాను. అన్నయ్య దగ్గరికి కాదు. ఎందుకో నాకు తెలుసు, అందుకే ఇప్పటికీ చెప్పడానికి నోరు రాదు. బోల్టులు చూడాలి నాకు. ముందు రెండింటికీ తలల్లేవు, తెగిపోయాయి. వదులై కాదు. జారి కాదు.

*

సికింద్రాబాద్ ఆసుపత్రిలో కుడి మణికట్టులో ప్లేటు వేశారు. ప్రాణానికేం భయం లేదన్నారు, అమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఎముకలు అతుకుతాయి, రాయగలడు, తినగలడు, కానీ అరచెయ్యి పైకి తిరగడం మాత్రం సగమే అన్నారు. దుండిగల్ సంగతి ఎవరూ అడగలేదు. అడక్కపోవడంతోనే అందరికీ అర్థమైపోయింది.

ఇంటికి తెచ్చిన మూడో రోజు జనార్ధన్ గారు వచ్చారు. తెల్ల చొక్కా, వేళ్లకి ఉంగరాలు. వెనకాలే సిద్దిరాములన్న, గేటు బయటే చెప్పులు వదిలి, లోపలికి రాకుండా మెట్ల దగ్గర నిలబడ్డాడు. అన్నయ్య పక్క గదిలో మంచం మీద ఉన్నాడు, తలుపు తెరిచే ఉంది.

"గోపాల్రావు సార్, నా జాగల పడ్డడని నాకు మస్తు పరేషాన్ ఉన్నది," అన్నారు జనార్ధన్ గారు. "గాని తప్పు జాగది గాదు, బండిది గాదు. గీ సిద్దిగాడు జేసిన పని. సదువా, సంధ్యా? ఏది జూసినా నూనెల ముంచుతడు. పిల్లగాండ్లకేం దెల్సు, వాని శేతుల పెట్టిర్రు."

నాన్న లేచి మెట్ల దగ్గరికి వెళ్లారు. నాన్న గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"నీకు చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చుగా! ఎవరు బిగించారు ఆ బోల్టులు?"

నేను హాల్లో, ఫ్రిజ్ పక్కన నిలబడి ఉన్నాను. నాలుగడుగుల దూరం. సిద్దన్న తల ఎత్తాడు. నాన్నని దాటి నన్ను చూశాడు. నా నోరు తెరుచుకోలేదు. తెరుచుకోవడానికి చాలా టైము ఇచ్చాడతను.

"నా దుకాన్లనే బిగిసినయి సారూ," అన్నాడు చివరికి.

"ఇన్నరా? ఒప్పుకున్నడు," అన్నారు జనార్ధన్ గారు. "ఏం రా సిద్దిగా, ఈ వారంల షట్టర్ ఖాళీ జెయ్యి. మల్ల నాకు మేడ్చల్‌ల కనపడకు."

సిద్దన్న చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి గేటు దాటాడు. మళ్లీ వెనక్కొచ్చి వేసుకున్నాడు. అదే అన్నిటికన్నా ఘోరంగా అనిపించింది నాకు.

పక్క గదిలోంచి ఒక్క మాట లేదు.

*

మర్నాడు మళ్లీ ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఈసారి పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. బోల్టుల పట్టికకి ముందు పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది: ఇక్కడ ఇచ్చిన అంకెలన్నీ శుభ్రంగా తుడిచిన, నూనె తగలని పొడి మరలకు మాత్రమే.

నూనె రాస్తే మరలు సులువుగా జారతాయి. రెంచికి అదే ఇరవై ఎనిమిది, కానీ లోపల బోల్టు ఎంతో ఎక్కువ సాగుతుంది. సిద్దన్న ముప్పై ఏళ్లు నూనెలో ముంచే బిగించాడు, ఒక్కటీ తెగలేదు, ఎందుకంటే నూనెకి తగ్గట్టు అతని చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది. పుస్తకం అంకె కూడా తప్పు కాదు, పొడి బోల్టుకి. అతని నూనె మీద నా అంకె పెట్టింది నేను. ఎవరి పద్ధతిలో వాళ్లు చేసుకుంటే అన్నయ్య చెయ్యి ఉండేది.

షాపుకి పరిగెత్తాను. సగం ఖాళీ అయిపోయింది. సిద్దన్న పానాలన్నీ గోనెసంచిలో వేస్తున్నాడు, ఒక్కొక్కటీ తుడిచి. నేను ఆయాసపడుతూ అంతా చెప్పేశాను, పేజీ, పొడి మరలు, నూనె, అన్నీ. ఆపకుండా విన్నాడు.

"కాయితంల ఏమున్నదో నాకు దెల్వది బిడ్డా. గాని బోల్టు పోయిందని నాకు గప్పుడే ఎర్క."

"ఎప్పుడు?"

"నీ పక్కన నా శెయ్యి ఉండె గదా. బోల్టు బిగుస్తుంటె శేతికి ఎదురు తిరుగుతది. గా ఎదురు తిరుగుడు బందయ్యి మెత్తగైతే, లోపల అది అయిపోయినట్టే. గందుకే సాలు అన్న." సంచి మూతి ముడేశాడు. "గట్టిగనాల్సింది."

"ఎందుకనలేదన్నా?"

"నీ శేతిల కాయితం ఉండె."

నాకు ఏడుపొచ్చింది. అతను గల్లాపెట్టె కింద నుంచి ఒక గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టాడు. పడ్డ బండిని షాపుకి తెచ్చిన రోజే విప్పి దాచాడట, తెగకుండా మిగిలిన రెండు పాత బోల్టులు, పక్కన అదే రకం కొత్తది ఒకటి. మూడూ బల్ల మీద తల కిందులుగా నిలబెట్టి చూపించాడు. పాతవి రెండూ కొత్తదాని కన్నా కొంచెం పొడుగు. మెడ దగ్గర సన్నబడ్డాయి, లాగిన పిండిలా.

"ఇవి జనార్ధన్ గారికి చూపిస్తే నిన్ను పొమ్మనేవారు కాదుగా!"

"సూపిస్తే మీ అన్న శెయ్యి తిరుగుతదా?"

"నేను నాన్నకి చెప్తాను. ఇవాళే చెప్తాను."

"వద్దు. ఒక్కింట్ల రెండు దెబ్బలెందుకు బిడ్డా," అన్నాడు. "నేను తూప్రాన్ దిక్కు పోత. రోడ్డున్న కాడ బండ్లు ఉంటయి, బండ్లున్న కాడ నాకు పనుంటది."

ఇవాళే అన్నాను కదా. చెప్పలేదు. తొమ్మిది రోజులు చెప్పలేదు.

*

ఆ తొమ్మిది రోజులూ ఇల్లంతా ఆ చప్పుడే. కుక్కర్ మూత పెడితే టక్. నాన్న టిఫిన్ డబ్బా క్లిప్పు వేస్తే టక్. గది తలుపు గడియ, స్విచ్చి, అమ్మ గాజులు బేసిన్‌కి తగిలితే. మూట నా పుస్తకాల బ్యాగులో అడుగున ఉండేది. పొద్దున్నే విమానాలు వచ్చేవి. నాన్న గేటు దగ్గర ఆగడం మానేశారు. తల దించుకుని స్కూటర్ తీసేవారు. అన్నయ్య మాత్రం కిటికీ దగ్గరే కూర్చునేవాడు, బయటికి చూడకుండా.

పదో రోజు మధ్యాహ్నం. అమ్మ గుడికెళ్లింది. అన్నయ్య ఎడం చేత్తో అన్నం కలుపుకుంటూ, ఆవకాయ జాడీ నా వైపు తోశాడు.

"మూత తియ్యవే."

ప్లాస్టిక్ మరల మూత. నూనె కారి జిడ్డుగా ఉంది. తీశాను. తన కంచంలో ముక్క వేశాను. మూత తిరిగి పెట్టి తిప్పుతున్నాను, తిప్పుతున్నాను, నా చెయ్యి ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.

"అన్నయ్యా, ఆ బోల్టులు..."

"తెలుసు."

అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"చక్రం పట్టుకున్నది నేనేగా. సిద్దన్న సాలు అన్నాడు. నువ్వు టక్ అనలేదన్నావు." ఆవకాయ ముక్క కంచం అంచుకి జరిపాడు. "నేను కూడా టక్ కోసమే చూశానే."

"మరి ఆ రోజు... నాన్న అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని."

*

ఆ సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా కాఫీకి కూర్చున్నారు. మూట విప్పి బోల్టులు మూడూ ఆయన ముందు, కాఫీ గ్లాసు పక్కన నిలబెట్టాను. పుస్తకం పేజీలు రెండూ పెట్టాను. ఏం మాట్లాడానో వరసగా గుర్తులేదు, ఎప్పుడూ మాట్లాడేంత వేగంగా కూడా మాట్లాడలేదు. చివరికి, "ఎవరు బిగించారని అడిగారు కదా నాన్నా. నేను," అన్నాను.

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. మూడింట్లో పొడుగుదాని కొన మీద వేలు పెట్టి, కొత్తదాని మీద పెట్టి, మళ్లీ పొడుగుదాని మీద పెట్టారు. కాఫీ చల్లారిపోయింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఆయన ఎక్కడున్నాడన్నావు?"

"తూప్రాన్ దగ్గర."

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టారు. స్కూటర్ మీద నేను వెనక కూర్చున్నాను. డిపో వెనక షట్టర్‌కి అప్పటికే ప్లాట్ల బోర్డు తగిలించేశారు. నాన్న అక్కడ బండి ఆపి, చదివి, మళ్లీ స్టార్ట్ చేశారు.

తూప్రాన్ దాటాక రోడ్డు పక్కన వేపచెట్టు కింద, నాలుగు కర్రల మీద నీలం ప్లాస్టిక్ పట్టా. లారీ చక్రం ముందు కూర్చుని ఉన్నాడు సిద్దన్న. పక్కన అదే పాలపొడి డబ్బా. మమ్మల్ని చూసి లేచాడు. నా మొహం చూడగానే, చెప్పేశానని తెలిసిపోయినట్టుంది. చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, లారీ డ్రైవర్ కూర్చున్న స్టూలు లాక్కొచ్చి నాన్న ముందు వేశాడు.

నాన్న కూర్చోలేదు.

"మీరు..." అన్నారు. ఆ రోజు 'నువ్వు' అన్న మనిషిని. "ఆ రోజు నేను మిమ్మల్ని..."

లారీలు పోతున్నాయి.

"గవన్నెందుకు సారూ," అన్నాడు సిద్దన్న. "పిల్లగాని శెయ్యి ఎట్లున్నది? ఎంత దాంక తిరుగుతాంది?"

నాన్న తన కుడి చెయ్యి ముందుకి చాపారు, అరచెయ్యి నేలకి పెట్టి. మెల్లగా పైకి తిప్పడం మొదలుపెట్టారు, నట్టు తిప్పినట్టు. సగం దాకా తిప్పి ఆపేశారు.

సిద్దన్న ఆ చెయ్యి వైపు చూస్తూ ఉండిపోయాడు, ఇంకొంచెం తిరుగుతుందేమోనని. నేను కూడా చూశాను. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.